పాత పేటను పేటగానే నిలుపుకోవడం ఎలా: నెల్లూరు వీధుల కోసం సమగ్ర మార్గదర్శి

పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడిని ఆనుకుని ఉన్న రంగనాయకులపేటలోనో, మూలస్థానేశ్వరుడి గుడి చుట్టూ అల్లుకున్న మూలాపేటలోనో పాత ఇల్లు ఉన్న కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. ఒంగోలులోనో కావలిలోనో మీకు అలాంటి వీధి ఉంటే అక్కడికీ ఇదంతా వర్తిస్తుంది. ఇల్లు అమ్మేయాలా, కూల్చి అపార్టుమెంటుకు ఇవ్వాలా, బాగుచేసుకుని ఉండాలా అన్న చర్చ ఈ వీధుల్లో చాలా ఇళ్లలో నడుస్తోంది. మూడో దారిని ఎంచుకోవాలనుకునేవారు ముందుగా ఒక సంగతి గ్రహించాలి. మీ ఒక్క ఇంటినే కాపాడుకోవడం దాదాపు అసాధ్యం. పక్కన నాలుగంతస్తులు లేస్తే మీ మండువాలోకి వెలుగు రాదు. దాని పునాది గుంత పక్కనే తవ్వితే మీ సున్నపు గోడ బీటలిస్తుంది. వీధి నిలిస్తేనే ఇల్లు నిలుస్తుంది కాబట్టి పని వీధితోనే మొదలుపెట్టాలి.

ప్రపంచంలో ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో చార్లెస్టన్ నగరం 1931లోనే ఒక పాత నివాస ప్రాంతాన్ని మొత్తంగా రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఫ్రాన్స్ 1962లో పాత పట్టణ ప్రాంతాల కోసం ప్రత్యేక చట్టమే తెచ్చింది. మనకు దగ్గరగా ఉన్న గొప్ప ఉదాహరణ అహ్మదాబాదు. 1411లో పుట్టిన ఆ కోట నగరం 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ గౌరవం దక్కిన మొదటి భారతీయ నగరం అదే. అక్కడ కాపాడుతున్నది మసీదులనూ గుళ్లనూ మాత్రమే కాదు. పోళ్లు అనే ఇరుకు సందుల్లో, చెక్కిన కొయ్య స్తంభాల ఇళ్లలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. ఆ పోళ్లే ఆ నగరానికి ప్రాణం.

మొదటి మెట్టు: వీధి హద్దు గీయండి

వార్డు పటాన్ని పక్కన పెట్టండి. పేటలో పుట్టి పెరిగిన ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఉదయం పూట నడవండి. రథం ఏ వీధుల్లో తిరుగుతుంది, ఎక్కడ మలుపు తీసుకుంటుంది, పాత బావులు ఎక్కడ ఉండేవి, వానాకాలం నీళ్లు ఎటు పారేవి అని అడుగుతూ కాగితం మీద గీసుకోండి. గుడి పేటల్లో రథవీధే సహజమైన హద్దు.

అరుగులు వరుసగా ఒకే ఎత్తులో సాగుతున్న చోటు, కప్పులు ఒకటి రెండు అంతస్తులు దాటని చోటు మీ ప్రాంతానికి గుండెకాయ. మధ్యలో కొత్త మేడలు నాలుగైదు వచ్చినా నిరాశపడవద్దు. వాటినీ పటంలో చూపించండి. హద్దు మాత్రం చిన్నగానే పెట్టుకోండి. నలభై ఇళ్ల వీధి గురించి ఇంటింటికీ వెళ్లి మాట్లాడవచ్చు. నాలుగు వందల ఇళ్లతో మొదలుపెడితే ఆరు నెలల్లో అందరూ అలసిపోతారు.

రెండో మెట్టు: ఇంటికో పుట

ప్రతి ఇంటికీ ఒక పుట కేటాయించి పుస్తకం తయారు చేయాలి. రేపు కార్పొరేషన్‌తో మాట్లాడినా, వారసత్వ సంస్థలను పిలిచినా, కోర్టుకు వెళ్లవలసి వచ్చినా చేతిలో ఉండవలసినది ఈ పుస్తకమే.

పుటలో ఉండవలసినవి: ఇంటి నంబరు, వీధి వైపు కొలత, అంతస్తులు, కప్పు ఏ రకం (పెంకులా, మిద్దెనా, రెండూనా), అరుగు ఉందా, మండువా తెరిచే ఉందా లేక రేకులు కప్పారా, స్తంభాలు కొయ్యవా రాతివా, ఇప్పుడు ఎవరు ఉంటున్నారు, ఎక్కడెక్కడ దెబ్బతింది. ఫోటోలు వీధి నుంచి ఒకటి, అరుగు నుంచి ద్వారబంధం కనిపించేలా ఒకటి, మండువా నుంచి నాలుగు వైపులా నాలుగు తీస్తే చాలు. ఇంటివాళ్ల అనుమతి లేకుండా లోపల ఒక్క ఫోటో కూడా తీయకూడదు. పూజగది, పడకగదులు అసలే వద్దు. నగలూ సామానూ కనిపించే ఫోటోలు ఆన్‌లైన్‌లో పెట్టకూడదు.

ఇంటి వయసు తేల్చడం ఆసక్తికరమైన పని. మనది తిక్కన నడిచిన ఊరే అయినా, ఇప్పుడు నిలిచి ఉన్న ఇంటి వయసును పదమూడో శతాబ్దం దాకా లాగనక్కర్లేదు. ఉన్న ఆనవాళ్లు చదివితే చాలు. బెంగళూరు పెంకులని మనం పిలిచే పెంకును ఒకటి తీసి వెనక్కి తిప్పండి. దాని మీద తయారుచేసిన కంపెనీ పేరు అచ్చు వేసి ఉంటుంది. పశ్చిమ తీరంలో మంగళూరులో ఈ పెంకుల తయారీ 1860ల్లో మొదలైంది. కాబట్టి ఆ పెంకు ఉన్న కప్పు అంతకంటే పాతది కాదు. కప్పు మార్చినా గోడలు పాతవే అయి ఉండవచ్చన్నది మరిచిపోకండి. మిద్దె ఇంట్లో కొయ్య దూలాలకు బదులు ఇనుప దూలాలు కనిపిస్తే, వాటి పక్కన ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలను వెతకండి. విదేశీ ఉక్కు కర్మాగారాల పేర్లు అలా దొరుకుతాయి. ద్వారబంధం మీద, తులసికోట మీద చెక్కిన సంవత్సరాలు, పంపకాల దస్తావేజుల్లోని హద్దుల వివరాలు, పెళ్లి ఫోటోల వెనుక కనిపించే గోడలు, ఇవన్నీ సాక్ష్యాలే. తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటే ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ పేరు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది. వేరే ఆధారం దొరికితే తప్ప ఏ ఆవృత్తమో తేల్చి రాయకండి.

మూడో మెట్టు: కుటుంబాలతో మాట్లాడడం

అన్నిటికంటే కష్టమైనదీ, ఎక్కువ కాలం పట్టేదీ ఇదే. పాత ఇళ్లను కూల్చేది వానలూ చెదలూ మాత్రమే కాదు. తెగని వాటాలు వాటికంటే ఎక్కువ ఇళ్లను నేలకూల్చాయి. తాతగారి పేరు మీదే ఉండిపోయిన ఇంటికి ఏడుగురు వారసులు ఉంటారు. ఒకరు చెన్నైలో, ఇద్దరు బెంగళూరులో, ఒకరు అమెరికాలో. ఇంట్లో ఉంటున్న పెదనాన్నగారికి పెంకు మార్చడానికి కూడా చేయి రాదు, రేపు ఇల్లు తన వాటాకు వస్తుందో లేదో తెలియదు కాబట్టి. ఆయన్ను తప్పుపట్టలేం.

అందుకే మొదటి సంభాషణలో వారసత్వం, సంస్కృతి అన్న మాటలు ఎత్తకండి. కాగితాల గురించి అడగండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించారా, పన్ను ఎవరి పేరు మీద కడుతున్నారు, పంపకం రిజిస్టరు అయిందా అని అడిగి, ఆ పని ముందుకు సాగడానికి సాయపడండి. వాటా తేలేలోపు కప్పు మరమ్మతు ఆగకుండా వారసులందరూ ఒక చిన్న ఒప్పందం రాసుకోవచ్చు: మరమ్మతుకు ఎవరు ఎంత ఇచ్చారో లెక్క ఉంటుంది, పంపకం నాడు ఆ మొత్తం సర్దుబాటు అవుతుంది. న్యాయవాది దగ్గర రాయించుకుంటే దూరంలో ఉన్నవాళ్లకూ నమ్మకం కుదురుతుంది.

రెండో భయం ఇంకా పెద్దది. ‘పేరు జాబితాలోకి ఎక్కితే ఇల్లు అమ్ముకోలేం, మేకు కొట్టాలన్నా అనుమతి అడగాలి’ అని అందరూ అంటారు. దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలి. వారసత్వ నిబంధనలు ఉన్న నగరాల్లో ఇల్లు అమ్ముకోవడానికి అడ్డు లేదు. కూల్చడానికీ, వీధి వైపు రూపం మార్చడానికీ మాత్రం అనుమతి కావాలి. నిజంగానే అది యజమాని స్వేచ్ఛను కొంత తగ్గిస్తుంది. ఆ తగ్గింపుకు బదులుగా ఏమి వస్తుందో కూడా చెప్పాలి. అహ్మదాబాదులో జాబితాలోని ఇంటిని బాగుచేసుకున్న యజమానికి, తన స్థలంలో కట్టుకోలేకపోయిన నిర్మాణ హక్కును వేరేచోట కట్టుకునేవారికి అమ్ముకునే వీలు కల్పించారు. దాన్నే టీడీఆర్ అంటారు. మన రాష్ట్రంలో ఆ పేరు రోడ్ల వెడల్పులో స్థలం పోగొట్టుకున్నవారికి బాగా తెలుసు. పాత ఇంటిని నిలబెట్టుకున్నవారికి కూడా అలాంటి ప్రతిఫలం ఉండాలని అడగడం న్యాయమే.

అద్దెకు ఉంటున్నవారిని ఈ సమావేశాలకు తప్పకుండా పిలవండి. అరుగు మీద ఇస్త్రీ బల్ల పెట్టుకున్నాయన, ముందు గదిలో టైలరింగు చేసుకునే అమ్మాయి, వీళ్లు లేని వీధి ఖాళీ ఇళ్ల వరుస అవుతుంది.

నాలుగో మెట్టు: ఏది ఎంత ముఖ్యమో తేల్చండి

ముంబయి 1995లో తెచ్చిన వారసత్వ నిబంధనల్లో కట్టడాలను మూడు తరగతులుగా విడగొట్టారు. మొదటి తరగతిని దాదాపు ముట్టుకోకూడదు. రెండో తరగతిలో లోపలి మార్పులు జాగ్రత్తగా చేసుకోవచ్చు. మూడో తరగతి ఇళ్లు విడిగా గొప్పవి కాకపోయినా వీధికి అందాన్నిచ్చేవి, వాటిలో మార్పులకు వెసులుబాటు ఎక్కువ. మీ పుస్తకంలో కూడా ఇలాగే పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. మన పేటల్లో ఎక్కువ ఇళ్లు మూడో తరగతిలోకే వస్తాయి, అందులో చిన్నతనమేమీ లేదు.

ఐదో మెట్టు: అక్టోబరులోపు కప్పు

నెల్లూరుకు పెద్ద వాన ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం వెంట వాయుగుండం. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద ఎవరూ మరిచిపోలేదు. కాబట్టి పాత ఇంటి క్యాలెండరు ఆగస్టులో మొదలవుతుంది. ఉన్న డబ్బు కొంచెమే అయితే మొత్తం కప్పు మీదే పెట్టండి. రంగులు, గచ్చు, తలుపుల పాలిషు అన్నీ తర్వాత.

పెంకుటింట్లో ముందు చూడవలసినవి మండువా చుట్టూ నాలుగు కప్పులు కలిసే మూలలు. నీళ్లన్నీ అక్కడికే చేరతాయి, ఆకులూ పావురాల గూళ్లూ అక్కడే అడ్డుపడతాయి. తర్వాత వెన్ను మీది పెంకులు. ఆ తర్వాత వాసాల చివర్లు, దూలం గోడలోకి దిగే చోటు. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. గట్టిగా ఎదురు తిరిగితే కొయ్య బాగుంది, మెత్తగా దిగితే పుచ్చింది. పుచ్చిన చివర కోసం దూలం మొత్తం తీసేయనక్కర్లేదు. అనుభవం ఉన్న వడ్రంగి చెడిన ముక్కను కోసి అదే జాతి కొయ్యతో అతుకు వేయగలడు. వేలాడుతున్న దూలం కింద మాత్రం ముందుగా ఆసరా పెట్టించి, ఆ తర్వాతే మిగతా పని ఎత్తుకోవాలి.

మిద్దె అయితే సంగతి వేరు. కొయ్య దూలాల మీద సన్నటి ఇటుకలను సున్నంలో నిలువుగా పేర్చి, పైన ఇటుక జల్లి, సున్నం వేసి దంచిన కప్పు అది. కారుతోందని పైన సిమెంటు గచ్చు పోయడం చాలామంది చేసే పని. దానితో కప్పు మీద బరువు పెరుగుతుంది. ఎండకు సిమెంటు పగులుతుంది. ఆ పగుళ్లలో దిగిన నీరు పైకి ఆరే దారి లేక కింది దూలాలను కుళ్లబెడుతుంది. పగుళ్లను సున్నంతోనే పూడ్చి, వాలు సరిచేసి, నీరు పోయే తూములు శుభ్రం చేయిస్తే చాలా కప్పులు నిలబడతాయి.

గోడలకూ ఇదే సూత్రం. ఇటుకా సున్నమూ కలిసిన గోడ నేల నుంచి తేమను పీల్చుకుంటుంది, సున్నపు పూత గుండా దాన్ని బయటికి వదిలేస్తుంది. కింది భాగం పెచ్చులూడుతోందని మూడడుగుల ఎత్తున సిమెంటు పూస్తే తేమకు దారి మూసుకుపోతుంది. అది ఇంకా పైకి ఎక్కి, సిమెంటు అంచు పైన ఉప్పు పూసి, గోడను పొడిపొడిగా రాలుస్తుంది. ప్లాస్టిక్ రంగులు చేసే హానీ ఇంతే. ఈ ఒక్క విషయంలో నాకు రాజీ లేదు: సున్నపు గోడకు సున్నమే వేయాలి.

సున్నం పని చేయించేటప్పుడు సున్నాన్ని కనీసం రెండు మూడు వారాలు నీళ్లలో నానబెట్టి ఉంచాలి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు కడిగిన ఇసుక సాధారణ కొలత. తడి తగిలే చోట్ల ఇసుకలో కొంత భాగానికి బదులు బాగా కాలిన ఇటుక పొడి కలుపుతారు. కరక్కాయ నీరు, బెల్లం నీరు కలపడం మన తాపీ మేస్త్రీల పాత పద్ధతి. పెద్దవయసు మేస్త్రీ దొరికితే ఆయన చెప్పిన పాళ్లే వినండి. పూసిన గోడను తడి గోనెలతో కొన్ని రోజులు చల్లగా ఉంచాలి. వేసవిలో మన ఎండకు సున్నం గట్టిపడేలోపే ఎండిపోతుంది, అందుకని గోడల పనికి సంక్రాంతి తర్వాతి వారాలు మంచివి. రాతిసున్నం నీళ్లలో వేసినప్పుడు సలసల మరుగుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలను ఆ దరికి రానివ్వకండి, పనివాళ్లకు కళ్లద్దాలూ చేతి తొడుగులూ మీరే కొనివ్వండి.

పాత మేస్త్రీతో పాటు ఒక కుర్రవాడిని కూడా పనికి పెట్టుకోండి. వీధిలో నాలుగు ఇళ్లవాళ్లు కలిసి వరుసగా పని ఇస్తే ఆ కుర్రవాడికి ఏడాదంతా చేతినిండా పని దొరుకుతుంది, పనీ వంటబడుతుంది.

ఆరో మెట్టు: మారవలసినవి మార్చండి

పాత ఇంట్లో ఉండేవాళ్లు కష్టపడి ఉండాలని ఎవరూ కోరకూడదు. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ అర్ధరాత్రి పెరట్లోకి నడవడం వారసత్వం కాదు. స్నానాల గది, కుర్చీ మరుగుదొడ్డి, కొత్త వంటగట్టు తప్పకుండా పెట్టుకోండి. దొడ్డివైపు కట్టుకుంటే మండువాకూ వీధి రూపానికీ ఏ నష్టమూ లేదు. నీటి గొట్టాలు సున్నపు గోడ లోపల కాకుండా పైన కనిపించేలా వేయించండి, కారితే వెంటనే తెలుస్తుంది. పాత గుడ్డ చుట్టిన కరెంటు తీగలు ఎక్కడున్నా ముందు తీసేయించాలి. కొయ్య కప్పున్న ఇంటికి నిప్పే మొదటి శత్రువు.

మండువాకు రేకులు కప్పవద్దు. ఇంటికి గాలి ఆడేది అక్కడినుంచే. కోతుల బెడద ఉంటే ఇనుప జల్లెడ బిగించుకోవచ్చు.

ఏడో మెట్టు: రోడ్డు ఎత్తు

చాలామంది పట్టించుకోని పెద్ద ప్రమాదం ఇది. వీధికి ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు వేస్తారు. కొన్నేళ్లకు అరుగు మూడు మెట్లు పోయి ఒక మెట్టు మిగులుతుంది, ఆ తర్వాత వాన నీరు గడప దాటుతుంది. మండువా నీరు వీధి కాలువలోకి పోయే తూము వెనక్కి తన్నుతుంది. పని మొదలవకముందే, పాత పొరను తవ్వి తీసి అదే ఎత్తులో వేయాలని వీధంతా సంతకాలు చేసి ఇంజనీరుకు అర్జీ ఇవ్వండి. ఇప్పటి గడప, రోడ్డు ఎత్తుల తేడాను ప్రతి ఇంటి పుటలోనూ కొలిచి రాసి ఉంచితే మీ మాటకు బలం వస్తుంది.

ఎనిమిదో మెట్టు: కార్పొరేషన్ దగ్గరికి

పురావస్తు శాఖ వచ్చి వీధిని కాపాడుతుందని ఎదురుచూడవద్దు. 1958 నాటి కేంద్ర చట్టం, 1960 నాటి మన రాష్ట్ర చట్టం స్మారక కట్టడాల కోసం, పురావస్తు స్థలాల కోసం చేసినవి. కేంద్ర రక్షిత కట్టడానికి నూరు మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో రెండు వందల మీటర్లు నియంత్రణ ఉంటుంది. ఆ పరిధి బయట ఉన్న నివాస వీధికి దారి నగరపాలన ద్వారానే.

ముందు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, మాస్టర్ ప్లాన్‌లో మీ వీధికి రోడ్డు వెడల్పు ప్రతిపాదన ఉందా, ఎన్ని అడుగులు, పటం నకలు ఇవ్వండి అని అడగండి. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. కార్పొరేషన్‌కు ఒకటి, నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ నుడాకు ఒకటి వేయండి. వెడల్పు గీత మీ అరుగుల మీదుగా పోతుంటే, మిగతా ప్రయత్నాలన్నిటికంటే ముందు ఆ గీతను మార్పించడానికి పూనుకోవాలి. మాస్టర్ ప్లాన్ సవరణ సమయంలో అభ్యంతరాలకు గడువు ఇస్తారు, ఆ ప్రకటన కోసం కనిపెట్టుకుని ఉండాలి. అరుగు ఎవరి స్థలంలో ఉందన్న ప్రశ్న వస్తుంది కాబట్టి సర్వే కొలతలు ముందే సిద్ధం చేసుకోండి.

తర్వాత వార్డు ప్రతినిధి ద్వారా, మీ వీధిని వారసత్వ వీధిగా గుర్తించి నిబంధనలు రూపొందించమని పాలకవర్గ తీర్మానం కోరండి. నిబంధనలకు చట్టబద్ధత రావాలంటే రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు కావాలి. అర్జీలో కోరికలు తక్కువగా, స్పష్టంగా ఉండాలి: ఎత్తుపై పరిమితి, అరుగు వరుస చెదరకుండా చూడడం, కూల్చివేతకు ముందు గడువు, మరమ్మతు చేసుకున్నవారికి పన్ను రాయితీ. 1984లో ఏర్పడిన ఇంటాక్ అనే వారసత్వ పరిరక్షణ సంస్థ ఇలాంటి జాబితాల తయారీలో దశాబ్దాల అనుభవం ఉన్నది. చట్టరక్షణ లేని కట్టడాల కోసం 2004లో ఒక మార్గదర్శక పత్రం కూడా వెలువరించింది. మీ పుస్తకం నకలుతో వాళ్లను సంప్రదించండి.

ఉత్తర్వు వచ్చాక కూడా నిశ్చింతగా కూర్చోవడానికి లేదు. హైదరాబాదులో వారసత్వ కట్టడాలకు రక్షణగా 1995లో చేర్చిన నిబంధనను 2015లో ప్రభుత్వం తొలగించింది. అయినా 2019లో అక్కడి ఇర్రం మంజిల్ అనే పాత రాజభవనాన్ని కూల్చాలన్న నిర్ణయం హైకోర్టులో నిలవలేదు. పోరాడిన పౌరులు, వారి చేతిలోని కాగితాలు అక్కడ పనికొచ్చాయి.

తొమ్మిదో మెట్టు: వీధిలో నడక

అహ్మదాబాదు నగరపాలక సంస్థ 1997లో ఒక ఉదయపు నడక ప్రారంభించింది. కాలూపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర మొదలై, పోళ్ల మీదుగా సాగి జామా మసీదు దగ్గర ముగుస్తుంది. ప్రపంచ గుర్తింపు ఆ తర్వాత ఇరవై ఏళ్లకు వచ్చింది. మనకూ రంగనాథస్వామి గాలిగోపురం దగ్గర మొదలుపెట్టి పెన్న గట్టు చూపించి పేట వీధుల్లోకి నడిపించే వీలుంది. ముందుగా ఊరి పిల్లలను, బడి ఉపాధ్యాయులను పిలవండి. వీధిలోని పెద్దమ్మే తన ఇంటి కథ చెప్పాలి. పర్యాటకుల కోసం ఇళ్లను హోటళ్లుగా మార్చే తొందర వద్దు. కాపురాలు ఖాళీ అయ్యాక మిగిలే ముఖద్వారాలను కాపాడడం కోసం ఇంత శ్రమ అక్కర్లేదు.

ఇల్లు కూల్చక తప్పని రోజు

ఇంత చేసినా కొన్ని ఇళ్లు పోతాయి. ఆ కుటుంబంతో గొడవ పెట్టుకోకండి. నెల రోజుల వ్యవధి అడగండి. ఆ నెలలో ఇల్లంతా కొలిచి పటం గీయించి, గదిగదీ ఫోటో తీసి పుస్తకంలో చేర్చండి. ద్వారబంధాలు, స్తంభాలు, దూలాలు, పెంకులు, రాతి తొట్లు పాత సామాను వ్యాపారి బండి ఎక్కకముందే వీధిలోని మిగతా ఇళ్లవాళ్లకు ధర చెప్పమనండి. అదే పేటలో పుచ్చిన దూలం అతుకుకూ, పగిలిన పెంకులకూ అంతకంటే సరిపోయే సామాను బజారులో దొరకదు. వెంటనే అవసరం లేకపోతే ఎవరి పెరట్లోనైనా నేలకు తగలకుండా రాళ్ల మీద పేర్చి, వాన తగలకుండా కప్పి, ఏ ఇంటివో సుద్దతో కాక పెయింటుతో రాసి ఉంచండి.